నిజమేనా? వింత విషయాల మీద నెల్లూరు, ప్రకాశం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి రాయిలో బంగారం, పాలు తాగే పాము, చంద్రుడి మీంచి కనబడే చైనా గోడ. ఏడాదికోసారి కొత్త బొమ్మ తగిలించుకుని అవే సంగతులు మళ్ళీ వస్తుంటాయి, అవే సందేహాలు మళ్ళీ అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. వరసగా చదవనక్కర్లేదు, ఏ ప్రశ్నకు ఆ జవాబు అక్కడే పూర్తిగా ఉంటుంది. ఇలాంటి వాటిలో పచ్చి అబద్ధాలు తక్కువే. అసలు విషయంతోపాటు ఉండాల్సిన ఒక షరతు నోటినోటా తిరిగే దారిలో రాలిపోతుంది. ఆ షరతేమిటో పట్టుకుంటే చాలావరకు చిక్కు విడిపోతుంది.

## మెసేజ్ ఫోన్‌లోకి వచ్చినప్పుడు

"నాసా చెప్పింది" అని రాసి ఉంటే నమ్మొచ్చా?

ఆ ఒక్క మాట చూసి నమ్మొద్దు. నాసాలో ఎవరు, ఏ ఏడాది, ఏ ఉపగ్రహంతో అన్నది లేకపోతే ఆ పేరు అలంకారానికి వాడినట్టే. ఏటా దీపావళికి వచ్చే రంగురంగుల భారతదేశం బొమ్మే చూడండి. అది దీపావళి రాత్రి తీసిన ఫోటో కాదు. అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ 2003లో తయారుచేసిన పటం. ఏ ప్రాంతంలో విద్యుత్ దీపాల వెలుగు ఏ సంవత్సరాల మధ్య పెరిగిందో చూపడానికి తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులు వేశారు. 2012 దీపావళి రాత్రి నిజంగా తీసిన చిత్రాన్ని నాసా విడుదల చేసింది. అందులో మామూలు రోజుకీ పండగ రోజుకీ కంటికి ఆనే తేడా లేదు. మతాబుల వెలుగు వీధిలో ఎంత గొప్పగా ఉన్నా, ఊళ్ళ దీపాల ముందు అది లెక్కలోకి రాదు.

పంపేముందు తొందరగా ఎలా సరిచూసుకోవాలి?

ముందు మెసేజ్ పైన చూడండి. రెండు బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. తర్వాత అందులో ఉన్న అంకెనో, ఊరి పేరునో, సంస్థ పేరునో మాత్రం తీసుకుని గూగుల్‌లో వెతకండి. మొత్తం వాక్యం వేస్తే ఆ వాక్యాన్నే కాపీ చేసిన సైట్లు వస్తాయి, అవన్నీ ఒకే గొంతు. ఫోటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి, పాత తేదీతో ఎక్కడైనా ఉందేమో చూడండి. ఎక్కడో వచ్చిన పాత వరద ఫోటోకు ఈ ఏటి పెన్నా వరద అని పేరు పెట్టడం మామూలే. కేంద్ర ప్రభుత్వ పథకమో, ఆదేశమో అయితే ఆ ప్రభుత్వ సమాచార విభాగమే నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్‌లో చూడొచ్చు. ఆరోగ్యానికి సంబంధించినదైతే, ఎంత తిన్నారు, ఎవరు తిన్నారు అన్న వివరం లేని మెసేజ్‌ను పక్కన పెట్టేయండి.

మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని యునెస్కో ప్రకటించిందా?

లేదు. యునెస్కో జాతీయ గీతాలకు ర్యాంకులు ఇవ్వదు. ఏ దేశానికీ ఇవ్వలేదు.

రొయ్యలు తిని నిమ్మకాయ నీళ్ళు తాగితే విషమై చనిపోతారంట కదా?

అలాగైతే మైపాడు నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంబడి ఊళ్ళే మిగలవు. ఈ పుకారుకు అడుగున ఉన్న నిజం ఒకటే: రొయ్యల్లో ఆర్సెనిక్ కొద్దిగా ఉంటుంది. దాదాపు అదంతా ఆర్సెనోబీటైన్ అనే రూపంలో ఉంటుంది. శరీరం దాన్ని మార్చకుండా మూత్రంలో పంపేస్తుంది. విటమిన్ సి దాన్ని విషంగా మారుస్తుందన్నది మెసేజ్ రాసినవాళ్ళ కల్పన. విషమయ్యే రకం ఆర్సెనిక్ ప్రాణం తీసేంత మోతాదులో చేరాలంటే ఒక్క పూటలో వందల కిలోల రొయ్యలు తినాలి.

భయపడాల్సింది ఎలర్జీ గురించి. రొయ్య తిన్న కొద్దిసేపట్లో పెదాలు వాచడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే ఇంటి వైద్యం చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

చేపల కూర తిన్నాక పెరుగో పాలో తీసుకుంటే బొల్లి వస్తుందా?

రాదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీయడం వల్ల బొల్లి వస్తుంది. అది అంటువ్యాధీ కాదు, తిండి వల్ల వచ్చేదీ కాదు. చేపలు పడనివాళ్ళకు, పాలు అరగనివాళ్ళకు కడుపు ఉబ్బరించవచ్చు, అది వేరే సంగతి.

## ఇంట్లో పరీక్షించి చూడాలనుకున్నప్పుడు

తేనె ఎన్నేళ్ళయినా పాడవదా? నీళ్ళలో వేసి చూస్తే స్వచ్ఛత తెలుస్తుందా?

మొదటిది షరతు మీద నిజం. తేనెలో నీటి శాతం 20 లోపు ఉండి, మూత గాలి చొరకుండా ఉంటే సూక్ష్మజీవులు అందులో పెరగలేవు. కొంచెం ఆమ్లగుణం కూడా దానికి తోడవుతుంది. మూత సరిగా పెట్టకపోతే మన కోస్తా గాలిలో తేమను తేనె పీల్చుకుంటుంది. నీటి శాతం పెరిగితే పులిసి నురగ కడుతుంది. తడి చెంచా ముంచడం సీసా పాడవడానికి దగ్గరి దారి.

రెండోది నిజం కాదు. తేనె చుక్క నీళ్ళ గ్లాసులో అడుగుకు దిగడం, బొటనవేలి గోరు మీద జారకుండా నిలబడటం, అగ్గిపుల్లకు పూస్తే వెలగడం, ఇవన్నీ చిక్కదనాన్నే చూపిస్తాయి. బెల్లం పాకం ముదరగా కాస్తే అదీ ఇవన్నీ పాసవుతుంది. అసలు తేనె కొంచెం పలచనైతే ఫెయిలవుతుంది. చక్కెర పాకం కలిసిందా లేదా అన్నది ప్రయోగశాలలోనే తేలుతుంది. గడ్డకట్టిన తేనె కల్తీ అనుకోవడమూ పొరపాటే. అందులోని గ్లూకోజు పలుకులు కడుతుంది, అంతే. సీసాను గోరువెచ్చని నీళ్ళలో నిలబెడితే కరుగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా పాటించాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. తేనెలో నిద్రాణంగా ఉండే ఒక బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో మేలుకుని బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది. పుట్టగానే తేనె చుక్క వేసే ఆచారం ఉన్న ఇళ్ళలో ఈ మాట చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి.

గుడ్డు నీళ్ళలో తేలితే కుళ్ళినట్టేనా?

పాతదైనట్టు, తప్పకుండా కుళ్ళినట్టు కాదు. గుడ్డు పెంకుకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ వాటిలోంచి తేమ పోయి, మొద్దు చివర ఉన్న గాలి గది పెద్దదవుతుంది. గుడ్డు నిండా మునిగేంత నీళ్ళు గిన్నెలో పోసి వేయండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది, నిలువుగా నిలబడితే కొన్ని వారాలది, తేలితే బాగా పాతది. తేలినదాన్ని నేరుగా పెనం మీద కొట్టకుండా విడిగా చిన్న గిన్నెలో కొట్టి వాసన చూడండి.

ఉడికిందో లేదో తెలుసుకోవడానికి బల్ల మీద తిప్పే పరీక్ష మాత్రం నూటికి నూరుపాళ్ళూ పనిచేస్తుంది. తిరుగుతున్న గుడ్డును వేలితో క్షణం ఆపి వదలండి. ఉడికినది ఆగిపోతుంది. పచ్చిది లోపలి సొన ఇంకా తిరుగుతుంటుంది కాబట్టి మళ్ళీ కదులుతుంది.

గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువా?

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. పోషకాలు కోడి తిన్న మేతను బట్టి ఉంటాయి. రెంటికీ సంబంధం లేదు. తెల్ల గుడ్లకు టీ డికాషన్ రంగు పట్టించి నాటుగుడ్లని అమ్మేవాళ్ళుంటారు. తడిగుడ్డతో రుద్దినప్పుడు రంగు దిగితే అది పూతే.

రొయ్య గుండె తలలో ఉంటుందా?

మనం "తల" అని గిల్లి పారేసే భాగంలోనే ఉంటుంది. అయితే ఆ భాగం ఒట్టి తల కాదు, తలా ఛాతీ కలిసిపోయి ఒకే డిప్ప కింద ఉంటాయి. కాబట్టి గుండె ఉన్నది ఛాతీ వంతులోనే. వీపు వెంబడి పుల్లతో లాగేసే నల్ల దారాన్ని నరం అంటారు కానీ అది పేగు. లోపల ఉన్నది మేత, మలం. రొయ్య రక్తం ఎర్రగా ఉండదన్నదీ నిజమే. ఆక్సిజన్ మోసే పదార్థంలో ఇనుముకు బదులు రాగి ఉండటంతో, గాలి తగిలితే కొద్దిగా నీలి ఛాయ వస్తుంది.

ఉడికితే ఎర్రబడటానికి కారణం ఇంకొకటి. ఎర్ర రంగు ముందునుంచే డిప్పలో ఉంటుంది, ఒక ప్రోటీన్ దాన్ని బంధించి నీలిబూడిద రంగులో కనబడేలా చేస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ విరిగి అసలు రంగు బయటపడుతుంది. అందుకే ఎర్రబడిందంటే పూర్తిగా ఉడికిందని కాదు. మధ్యలో కండ అద్దంలా కాకుండా తెల్లగా మారిందా అని చూడాలి.

చేపల పులుసు మర్నాడే రుచి అంటారు. నిజమా, అలవాటా?

నిజమే. రాత్రంతా నిలవుంటే చింతపండు పులుపు, ఉప్పు, కారం ముక్క లోపలికి దిగుతాయి. పులుసు చిక్కబడుతుంది, మామిడికాయ ముక్క కూడా ఊరుతుంది. పులుపు వల్ల సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి. నెమ్మదిగానే, పూర్తిగా ఆగవు. కాబట్టి ఎండాకాలంలో చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు తెర్లేదాకా కాచాలి.

కానాగంతలు, సూర లాంటి చేపల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వండకముందు ఐసు లేకుండా నిలవుంటే వాటిలో హిస్టమిన్ చేరుతుంది. ఎంత మరిగించినా అది పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద వస్తే అనుమానించాల్సింది దాన్నే.

బల్లి పడిన అన్నం విషమా?

ఇంటి బల్లికి విషం లేదు. అయినా ఆ అన్నం పారేయాల్సిందే. బల్లి ఒంటి మీద, మలంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, అది వాంతులు, విరేచనాలు తెస్తుంది. బల్లి పడిన సాంబారు తిని పదిమందికి వాంతులన్న వార్తల్లో, సంగతి తెలిసిన భయానికి, అసహ్యానికి వాంతి చేసుకునేవాళ్ళూ ఉంటారు.

## పొలంలో, చెట్టు కింద, ప్రాణం మీదికి వచ్చినప్పుడు

పాము పాలు తాగుతుందా? పగబడుతుందా? కరిస్తే గాటు పెట్టాలా?

పాలు దాని ఆహారం కాదు, అరగవు కూడా. రోజుల తరబడి నీళ్ళు ఇవ్వకుండా బుట్టలో పెడితే దాహానికి ఏది పోసినా తాగుతుంది. పుట్టలో పోసిన పాలు మట్టిలోకి ఇంకిపోతాయి. గాలిలో వచ్చే నాదస్వరం పాట కన్నా బూర కదలికకే అది పడగ ఊపుతుంది. మనుషుల ముఖం గుర్తుపెట్టుకుని వెంటాడే శక్తి దాని మెదడుకు లేదు. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందన్నది కూడా తప్పే. పెనవేసుకుని కనబడేవి సాధారణంగా బలాబలాలు చూసుకుంటున్న రెండు మగ జెర్రిపోతులు.

కరిచినప్పుడు గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. బిగించి కడితే కింది కండ చచ్చిపోతుంది. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు బద్దలతో కదలకుండా ఉంచండి. మనిషిని నడిపించకండి, 108కి ఫోన్ చేయండి. పామును చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. ఆసుపత్రిలో గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు ఉంచి, గడ్డకడుతుందో లేదో చూస్తారు. పింజర జాతి విషం ఎక్కితే గడ్డకట్టదు.

కట్లపాము విషయంలో మోసపోతారు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంటే, కడుపునొప్పి అంటుంటే కాటు కనబడకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పిడుగు పడ్డచోట మళ్ళీ పడదా?

పడుతుంది. ఎత్తుగా, ఒంటరిగా ఉన్నదాని మీద మళ్ళీ మళ్ళీ పడుతుంది. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఏడాదికి 20కి పైగా పడతాయి. శ్రీహరికోటలో రాకెట్ వేదిక చుట్టూ పిడుగును తమ మీదికి తీసుకునే ఎత్తయిన స్తంభాలు నిలబెట్టింది ఇందుకే. పొలంలో ఉన్న ఒంటరి తాడిచెట్టూ అదే పని చేస్తుంది, దాని కింద నిలబడ్డవాళ్ళను కూడా కలుపుకుని.

మెరుపు కనబడగానే "అర్జునా, ఫల్గుణా" అనుకోవడంలో తప్పేమీ లేదు, దాంతోపాటు అంకెలూ లెక్కపెట్టండి. ఉరుము వినబడేదాకా ఎన్ని సెకన్లయితే దాన్ని మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. 30 సెకన్ల లోపు వినబడితే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. సెల్‌ఫోన్ పిడుగును లాగదు, కానీ గోడకు తగిలించిన ఛార్జర్‌తో మాట్లాడొద్దు.

వీటన్నిటిలోకి ప్రాణాలు తీసే అపోహ ఇంకొకటుంది: పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని. కొట్టదు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి, గుండె ఆగి ఉంటే వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా అదుముతూ ఉండాలి. పేడలో పాతిపెట్టడం వంటి వాటితో పోగొట్టుకునే నిమిషాలే మనిషిని చంపుతాయి.

ఎర్రచీర కట్టుకుంటే ఒంగోలు గిత్త పొడుస్తుందా?

రంగు వల్ల కాదు. పశువుల కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. ఎరుపు మనకు కనబడినంత కొట్టొచ్చినట్టు వాటికి కనబడదు. గిత్తను రెచ్చగొట్టేది చటుక్కున కదిలే గుడ్డ, కొత్త మనిషి, డప్పు చప్పుడు. పచ్చచీర కొంగు ముఖం మీద రెపరెపలాడించినా అంతే.

కొబ్బరికాయలు పడి ఏటా 150 మంది చనిపోతున్నారా?

ఆ అంకెకు ఆధారం లేదు. 1984లో పాపువా న్యూగినీలోని ఒక ఆసుపత్రి వివరాలతో ఒక వైద్య వ్యాసం వచ్చింది. నాలుగేళ్ళలో గాయాలతో చేరినవాళ్ళలో 2.5 శాతం మంది కొబ్బరికాయ పడి దెబ్బతిన్నవాళ్ళని అందులో ఉంది. ప్రపంచం మొత్తంలో 150 చావులన్న మాట అందులో లేదు, తర్వాత ఎవరో తగిలించారు. అలాగని "కొబ్బరిచెట్టుకు కళ్ళుంటాయి, మనిషి మీద వేయదు" అన్న ధీమా కూడా పనికిరాదు. 20 మీటర్ల ఎత్తునుంచి రాలే కాయ నేలకు దగ్గరయ్యేసరికి గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది.

చేపకు మూడు సెకన్లే జ్ఞాపకముంటుందా?

చెరువు గట్టున మేత వేసేవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. మేత సంచులు కట్టే వేళకి శీలావతులు, బొచ్చెలు ఆ కర్రల దగ్గరికే చేరతాయి. ప్రయోగాల్లో గోల్డ్‌ఫిష్ నేర్చుకున్నదాన్ని నెలల తరబడి గుర్తుంచుకున్నాయి.

## మన జిల్లాల గురించి గొప్పగా చెప్పేటప్పుడు

ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవు మన నెల్లూరు ఆవేనా?

వంశం మనది, ఆవు బ్రెజిల్‌ది. 19వ శతాబ్దంలో ఇక్కడినుంచి ఓడల్లో వెళ్ళిన ఒంగోలు పశువులను అక్కడ "నెలోర్" అన్నారు, ఎందుకంటే అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాకు కేంద్రమైంది. 1960లలో మళ్ళీ కొన్ని కోడెలు బ్రెజిల్ వెళ్ళాయి. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో వెళ్ళిన కోడె సంతతి అక్కడ బాగా ప్రసిద్ధి. ఇవాళ ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధిక భాగం నెలోర్, దాని సంకరాలే.

2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేశారు. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ సుమారు 43 లక్షల డాలర్లు అయింది, గిన్నిస్ రికార్డుకెక్కింది. బరువు 1,101 కిలోలు. ఆ ధర పాలకూ కాదు, మాంసానికీ కాదు. దాని అండాలతో పుట్టించే దూడల వంశానికి. తరతరాలుగా బరువు కోసం ఏరి పెంచిన రకం అది. మన బండి లాగే, దుక్కి దున్నే గిత్తతో ధర పోల్చి లాభం లేదు.

చీమకుర్తి గ్రానైట్‌లో మెరిసే చుక్కలు బంగారమా?

కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. ఇనుము, మెగ్నీషియం, సిలికా కలిసి ఏర్పడుతుంది. లోపలి సన్నని పొరల మీద వెలుగు పడి కంచు రంగులో మెరుస్తుంది. పలకను అటూ ఇటూ వంచి చూడండి. కొన్ని చుక్కలు ఆరిపోయి కొన్ని వెలుగుతాయి. బంగారమైతే ఏ వైపునుంచి చూసినా అదే పసుపు. సూది మొనతో గట్టిగా నొక్కితే బంగారం మెత్తగా గుంటపడుతుంది, ఇది పడదు, రాలితే పొడిగా రాలుతుంది.

ఇంకో ఆశ్చర్యం: బ్లాక్ గెలాక్సీ అని వ్యాపారంలో గ్రానైట్‌గా అమ్ముడయ్యే ఈ రాయి, భూగర్భశాస్త్రం లెక్కలో గ్రానైటే కాదు, గాబ్రో కుటుంబానిది. కొనేటప్పుడు తెల్ల దూదిని గోళ్ళరంగు తుడిచే ద్రావకంలో ముంచి పలక మూలన రుద్దండి. దూదికి నలుపు అంటితే అది రంగు పట్టించిన రాయి.

ఫ్లెమింగోలు పులికాట్‌లో గుడ్లు పెడతాయా? నేలపట్టులో చూడొచ్చా?

రెండు చోట్లను కలిపేయడం వల్ల వచ్చే తికమక ఇది. ఫ్లెమింగోలు పులికాట్ ఉప్పునీటి సరస్సుకు చలికాలంలో మేతకు వస్తాయి. మన దేశంలో అవి గూళ్ళు కట్టే పెద్ద తావు గుజరాత్‌లోని కచ్ రణ్. నేలపట్టు మంచినీటి చెరువు గూడబాతులకు ప్రసిద్ధి. నీళ్ళలో నిలిచిన కడప అనే రకం చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపేది అవే. సూళ్ళూరుపేట పండగ పేరులో ఫ్లెమింగో ఉండటంతో నేలపట్టుకు వెళ్ళి గులాబీ పక్షుల కోసం వెతికేవాళ్ళు ఎక్కువ.

పిల్లలు బూడిదరంగులో పుడతాయి. మేతలోని నాచు, చిన్న రొయ్యల్లాంటి జీవుల్లోని రంగు ఒంటపట్టి గులాబీ ఛాయ రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఒంటికాలి మీద నిలబడటం వాటికి శ్రమ కాదు. చనిపోయిన ఫ్లెమింగో కూడా ఒంటికాలి మీద నిలబడగలదని, అంటే కీలే బరువు మోస్తుందని 2017లో ఒక అధ్యయనం చూపింది.

మన దేశపు మొదటి రాకెట్ శ్రీహరికోట నుంచేనా ఎగిరింది?

మొదటి రాకెట్ 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరింది. మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్ నుంచి వెళ్ళింది. శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో పని మొదలైంది. మన గడ్డ మీంచి మన రాకెట్‌తో మొదటి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళింది 1980 జూలై 18న, అదీ శ్రీహరికోట నుంచి. ప్రశ్నలో "రాకెట్", "ఉపగ్రహం", "మన రాకెట్‌తో" అన్న మాటల్లో ఏది ఉందో చూసుకోండి.

భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి లాభమన్న మాట తూర్పుకు వెళ్ళే ప్రయోగాలకే వర్తిస్తుంది. అక్కడ నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతూ రాకెట్‌కు ఊతమిస్తుంది. ధ్రువాల మీదుగా వెళ్ళే ప్రయోగాలకు ఆ ఊతం లేదు, పైగా శ్రీలంక మీద పడకుండా పక్కకు మళ్ళాలి. తమిళనాడులో కులశేఖరపట్నం కేంద్రం కడుతున్న కారణాల్లో ఇదొకటి.

చైనా గోడ చంద్రుడి మీంచి కనబడుతుందా?

కనబడదు. మామూలు కంటికి 400 కిలోమీటర్ల ఎత్తునుంచి విడిగా తెలియాలంటే వస్తువు దాదాపు 115 మీటర్ల వెడల్పుండాలి. గోడ వెడల్పు చాలాచోట్ల పది మీటర్లు కూడా ఉండదు. చంద్రుడి దూరం నుంచి అయితే 110 కిలోమీటర్లు ఉండాలి. సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న పులికాట్ సరస్సు ఆకారం కూడా అక్కడినుంచి తెలియదు.

## క్విజ్‌కి ప్రశ్నలు తయారుచేసేటప్పుడు

భాష ప్రాతిపదికన ఏర్పడ్డ మొదటి రాష్ట్రం ఆంధ్రా, ఒడిశానా?

"స్వాతంత్ర్యం వచ్చాక" అన్న మాట ఉంటే ఆంధ్ర రాష్ట్రం, 1953 అక్టోబరు 1. ఆ మాట లేకపోతే 1936 ఏప్రిల్ 1న బ్రిటిష్ పాలనలో ఏర్పడ్డ ఒరిస్సా అని వాదించేవాళ్ళు గెలుస్తారు. ఆంధ్రప్రదేశ్ అని రాస్తే ఇంకో తప్పు, అది 1956 నవంబరు 1న వచ్చింది. ముఖ్యమంత్రుల విషయంలోనూ ఇదే చిక్కు: ఆంధ్ర రాష్ట్రానికి మొదటివారు టంగుటూరి ప్రకాశం పంతులు, ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి.

పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష 56 రోజులా, 58 రోజులా?

1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15 రాత్రి ఆయన మరణంతో ముగిసింది. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే 58. ఆయన పుట్టింది నెల్లూరులో అని రాయకండి. 1901లో మద్రాసులో పుట్టారు. జిల్లాకు ఆయన పేరు 2008లో పెట్టారు.

కవిత్రయంలో ఎర్రన రెండోవాడా, మూడోవాడా?

కాలంలో మూడోవాడు, భారతంలో ఆయన రాసిన భాగం వచ్చేది మధ్యలో. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం సగంలో ఆపాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానానికి చెందిన తిక్కన అరణ్యపర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. 14వ శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎర్రన ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని పూరించాడు. "తిక్కన ఎక్కడ మొదలుపెట్టాడు" అని అడిగితే నాలుగో పర్వం. మూడు అని రాసిన జవాబు పత్రాలు బోలెడు.

హాకీ జాతీయ క్రీడే కదా? హిందీ జాతీయ భాషే కదా?

రెండూ కావు. ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. రాజ్యాంగం 343వ అధికరణం హిందీని కేంద్రానికి అధికార భాష అంది, జాతీయ భాష అనలేదు. నెమలి జాతీయ పక్షి అన్నది మాత్రం ఖాయం, 1963 నుంచి. అది కన్నీళ్ళతో గర్భం దాల్చదు, మిగతా పక్షుల్లాగే జతకడుతుంది.

ఒక్క మాటలో చెప్పేయగలిగినవి ఏమైనా ఉన్నాయా?

మెదడులో పది శాతమే వాడతామన్నది తప్పు. శరీర బరువులో 2 శాతం ఉండే మెదడు మన శక్తిలో 20 శాతం ఖర్చుపెడుతుంది. ఒంటె మూపురంలో నీళ్ళు ఉండవు, కొవ్వు ఉంటుంది. చనిపోయాక గోళ్ళు పెరగవు, చుట్టూ చర్మం ఎండి వెనక్కి పోవడంతో అలా కనబడతాయి. చింతగింజ మింగితే కడుపులో చెట్టు రాదు, మర్నాడో మూడోనాడో బయటికి పోతుంది. అరటిపండుకు అతి కొద్దిగా రేడియోధార్మికత ఉండటం నిజం, అందులోని పొటాషియం వల్ల. భయపడేంత కాదు. అరటి చెట్టు కాదు, ఓ పెద్ద మొక్క అన్నదీ నిజమే, దానికి చేవగల మాను లేదు. అంతరిక్ష కేంద్రం దగ్గర గురుత్వాకర్షణ ఉండదన్నది తప్పు, నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం అక్కడా ఉంటుంది. వ్యోమగాములు తేలేది కేంద్రంతోపాటు వాళ్ళూ నిరంతరం పడుతూ ఉండటం వల్ల.

## తప్పని తేలాక

క్విజ్ మాస్టర్ తప్పు జవాబు చదివితే ఎలా అడగాలి?

జవాబు గురించి కాక ప్రశ్న గురించి అడగండి. "ప్రశ్న ఇంకోసారి చదువుతారా అండీ" అంటే చాలు. "మొదటి", "అతి పెద్ద", "ఒకే ఒక్క" అన్న మాటల దగ్గర ఎప్పుడు, ఎక్కడ అన్న షరతు ఉందో లేదో అందరికీ వినబడుతుంది. షరతు లేకపోతే రెండు జవాబులకూ మార్కులివ్వమనడం న్యాయం. ప్రశ్నలు రాసేవాళ్ళు ప్రతి జవాబు పక్కన అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

పెద్దవాళ్ళు పంపిన మెసేజ్ తప్పని ఎలా చెప్పాలి?

గ్రూపులో అందరి ముందూ కాదు, విడిగా చెప్పండి. "బాబాయ్, ఇది పాత ఫోటో అంట, చూడు" అని లింకుతోపాటు ఒక్క వాక్యం. మందు, పాముకాటు, పిడుగు లాంటి వాటిలో మాత్రం మొహమాటం వద్దు. ఎవరైనా పాటించేలోగా గ్రూపులోనే రాయండి.

నేను పంపింది తప్పని తెలిసింది. డిలీట్ చేస్తే చాలా?

చాలదు. వాట్సాప్‌లో అందరికీ డిలీట్ అనేది సుమారు రెండున్నర రోజుల లోపే పనిచేస్తుంది, మీరు పంపిన చోట మాత్రమే తీసేస్తుంది. ఈలోగా మీ దగ్గరినుంచి అందుకుని వేరేవాళ్ళు పంపినవి అలాగే ఉంటాయి. ఏ గ్రూపుల్లో పెట్టారో వాటన్నిటిలో ఆ పాత మెసేజ్‌కే రిప్లైగా "ఇది తప్పు, అసలు సంగతి ఇదీ" అని పెట్టండి. విడిగా కొత్త మెసేజ్ పెడితే దేని గురించో అర్థం కాదు. పాతదాన్ని ముందే డిలీట్ చేస్తే రిప్లై ఇవ్వడానికి ఏమీ మిగలదు, కాబట్టి సవరణ ముందు, డిలీట్ తర్వాత.